క్లాసా, సెల్ గ్రూపా, ముగ్గురి కూడికా: శిష్యత్వానికి ఏది మేలు?

"బాప్తిస్మం ఇచ్చాం. ఇప్పుడు వీళ్లను ఎలా నడిపించాలి?" సంఘ పెద్దలు ఎవరు కలిసినా నన్ను అడిగేది ఇదే. కొందరు శిష్యత్వ క్లాసు పెట్టారు. పుస్తకం అయిపోయింది, మనుషులు మళ్లీ వెనక వరుసలోకి వెళ్లి కూర్చున్నారు. కొందరు సెల్ గ్రూపులు, అంటే ఇళ్లలో పదీ పన్నెండు మంది కూడే గుంపులు, మొదలుపెట్టారు. ఏడాది తిరిగేసరికి అవి ఇళ్లలో జరిగే చిన్న ఆదివారపు ఆరాధనలైపోయాయి. ఇంకొందరు ఇద్దరు ముగ్గురిని దగ్గరికి తీసుకున్నారు గానీ, సంఘమంతటికీ ఇది ఎప్పటికి అందుతుందని వాళ్ల దిగులు. ఈ మూడింటిలోనూ నేను పనిచేశాను కాబట్టి నాకు తోచింది చెబుతాను.

మత్తయి 28వ అధ్యాయం చివర ప్రభువు ఇచ్చిన ఆజ్ఞ మనందరికీ కంఠతా వచ్చు. అయినా 20వ వచనంలో ఒక మాటను గబగబా దాటేస్తాం. తాను ఆజ్ఞాపించినవాటిని బోధించమని చెప్పి ఆయన ఊరుకోలేదు, "గైకొనవలెనని" బోధించమన్నాడు. అర్థమయ్యేలా చెప్పడం ఒక పని, చేసేదాకా పక్కన ఉండడం ఇంకో పని. అందుకే ఏ పద్ధతినైనా నేను ఒకే ప్రశ్నతో తూస్తాను: పోయిన వారం విన్నదాన్ని ఈ వారం చేశావా అని నన్ను పేరు పెట్టి అడిగే మనిషి అందులో ఉన్నాడా?

క్లాసు వద్దని నేను అనను. పునాది లేకుండా మనుషులను కూర్చోబెట్టి మాట్లాడిస్తే ఎవరి అభిప్రాయం వాళ్లు చెప్పుకుని లేస్తారు. సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్ 1528లో జర్మనీలోని సాక్సనీ సంఘాలను తిరిగి చూసినప్పుడు, సామాన్య విశ్వాసులకు పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, ప్రభువు ప్రార్థన కూడా సరిగా తెలియవని కళ్లారా చూశాడు. మరుసటి ఏడే చిన్న కాటెకిజం, అంటే ప్రశ్నలు జవాబులుగా విశ్వాసాన్ని నేర్పే పుస్తకం, రాశాడు. పౌలు కూడా ఎఫెసులో తురన్ను పాఠశాలలో రెండేళ్లపాటు దినదినం తర్కిస్తూ బోధించాడు. రక్షణ, కృప, పాపపు ఒప్పుకోలు, ప్రార్థన, లేఖనాలు చదివే తీరు ఒక వరుసలో నేర్పడానికి క్లాసును మించింది లేదు.

దాని లోటు ఎక్కడుందో నాకు ఒక సహోదరుడి దగ్గర తెలిసింది. మత్తయి 18 మీద పాఠం. ఎన్నిసార్లు క్షమించాలన్న ప్రశ్నకు "డెబ్బది ఏళ్ల మారులు" (డెబ్బై ఏడుల సార్లు) అని అందరికంటే ముందు చెప్పింది ఆయనే. క్షమించని దాసుని ఉపమానం కూడా చక్కగా వివరించాడు. కొన్ని నెలల తర్వాత ఆయనా, నేనూ, ఇంకో సహోదరుడూ కలిసి అదే అధ్యాయం చదివాం. "ఈ మాట విన్నప్పుడు నీకు ఎవరి ముఖం కనబడింది?" అని మా మూడోవాడు అడిగాడు. ఆయన చాలాసేపు పలకలేదు. బైబిలు మూసి, దాని అట్ట మీద వేలితో గీస్తూ కూర్చున్నాడు. సొంత అన్నతో మాట్లాడి ఆరేళ్లయిందట. తర్వాతి వారం అడిగితే, ఫోన్ చేసి అవతల మోగకముందే పెట్టేశానన్నాడు. ఆపై వారం మోగనిచ్చాడు, ఎవరూ ఎత్తలేదు. నాలుగో వారం అన్నదమ్ములు మాట్లాడుకున్నారు. క్లాసులో ఆయనకు పూర్తి మార్కులు వేసింది నేనే. ఆ ఆరేళ్ల సంగతి అడగాలని మాత్రం నాకు తట్టలేదు.

ఇక సెల్ గ్రూపు. భారాలు పంచుకోవడానికి, జబ్బు పడ్డప్పుడు ఇంటికి వచ్చి ప్రార్థన చేయడానికి, కొత్తవాళ్లకు భయం పోవడానికి ఇది మంచి చోటు. కాని పన్నెండు మంది కూర్చుంటే ఇద్దరు మాట్లాడతారు, మిగతావాళ్లు ఆమేన్ అంటారు. ప్రార్థన మనవులు ఆరోగ్యం, ఉద్యోగం, పిల్లల చదువు దగ్గరే ఆగుతాయి. పన్నెండు మంది ముందు తన కోపాన్ని గురించి ఎవరు నోరు విప్పుతారు?

అలాగని పన్నెండు మంది గుంపు పనికిరాదని కాదు. మెథడిస్టు ఉద్యమాన్ని నడిపిన జాన్ వెస్లీ కాలంలో, 1742లో, ఇంగ్లండులోని బ్రిస్టల్ మందిరం అప్పు తీర్చడానికి ఒక ఏర్పాటు చేశారు. పన్నెండు మందికి ఒక నాయకుడు, మనిషికి వారానికి ఒక పెన్నీ. ఆ పెన్నీ కోసం నాయకులు వారం వారం ఇంటింటికీ తిరుగుతుంటే, ఎవరెవరు ఎలా బతుకుతున్నారో తెలిసింది. కొందరి నడవడి బాగాలేదని వాళ్లు వెస్లీకి చెప్పారు. అప్పు కోసం పుట్టిన ఏర్పాటు అలా ఆత్మల సంరక్షణగా మారింది, దానికే క్లాస్ మీటింగ్ అని పేరు నిలిచింది. పేరుకు క్లాసే అయినా పాఠం చెప్పే చోటు కాదది. నీ ఆత్మ ఎలా ఉందని ఒక్కొక్కరినీ అడిగే చోటు. మన సెల్ గ్రూపుల్లో పాటలు, వర్తమానం మిగిలాయి, ఆ అడగడమే పోయింది. గ్రూపులు ఇప్పటికే నడుస్తుంటే తీసేయకండి. వర్తమానాన్ని పావుగంటకు కుదించి, మిగతా టైములో ముగ్గురేసి విడిపోయి మాట్లాడుకోనివ్వండి.

నా మొగ్గు ఈపాటికి తెలిసే ఉంటుంది, ముగ్గురి కూడిక వైపే. మార్కు 3:14లో ప్రభువు పన్నెండుగురిని నియమించడానికి చెప్పిన మొదటి కారణం వాళ్లు తనతో ఉండాలని. ప్రకటించడానికి పంపడం ఆ తర్వాతి మాట. అపొల్లో అనే బోధకుడికి తెలియని సంగతిని ప్రిస్కిల్ల, అకుల దంపతులు సమాజమందిరంలో లేచి సరిదిద్దలేదు. చేర్చుకుని, దేవుని మార్గాన్ని మరింత పూర్తిగా విశదపరచారు.

ఇద్దరు చాలరా అని అడుగుతారు. చాలరు. మన భాషలో శిష్యుడు అనగానే వెనకాలే గురువు వచ్చి నిలబడతాడు. ఇద్దరే ఉంటే ఒకరు గురువైపోతారు, తనకు తెలియకుండానే. మత్తయి 23లో ప్రభువు దీన్నే తోసిపుచ్చాడు: బోధకుడు ఒక్కడే, మీరందరూ సహోదరులు. 1970లలో అమెరికాలో షెపర్డింగ్ ఉద్యమం శిష్యత్వం పేరుతోనే నడిచింది. పెళ్లి, ఉద్యోగం లాంటివాటికి కూడా తన పైనున్న నాయకుడి అనుమతి కావాలన్నంత దూరం వెళ్లి ఎందరినో గాయపరిచింది. మూడో మనిషి ఉంటే ఆ పెత్తనానికి అడ్డు పడుతుంది, నడిపించేవాడు కూడా జవాబు చెప్పాల్సి వస్తుంది. పురుషులు పురుషులతో, స్త్రీలు స్త్రీలతోనే కూడాలి. విన్నది బయట చెప్పకూడదు. ప్రాణాపాయం గానీ, ఎవరి మీదైనా దౌర్జన్యం గానీ ఉంటే మాత్రం దాచకూడదు, ఈ మాట మొదటి రోజే చెప్పుకోవాలి.

ఒకరు ఇద్దరిని, ఇద్దరు నలుగురిని అని కాగితం మీద వేసే లెక్కలను నేను నమ్మను. కొందరు మధ్యలో ఆగిపోతారు, కొందరికి రెండేళ్లు పడుతుంది. 2 తిమోతి 2:2లో పౌలు, తిమోతి, నమ్మకమైన మనుషులు, వాళ్ల దగ్గర నేర్చుకునే ఇతరులు, ఇలా నాలుగు తరాలు కనబడతాయి గానీ, ఎన్ని నెలల్లో అన్న గడువు లేదు.

కన్వెన్షన్లు ఉజ్జీవానికి పనికొస్తాయి, యూట్యూబ్ వర్తమానాలు తీరిక వేళ వినడానికి. రెండింటిలోనూ మనల్ని తిరిగి అడిగే మనిషి లేడు.

కొత్తగా మొదలుపెట్టే సంఘానికి నేను చెప్పేది: బాప్తిస్మం చుట్టూ పది పన్నెండు వారాల క్లాసు, అది ముగిసే వారమే ముగ్గురేసి కూడికలు. మధ్యలో సందు ఇవ్వకండి, ఆ సందులోనే మనుషులు జారిపోతారు. కాపరి ఒక్కరే ఉన్న చోట ఆయన ఇద్దరితో మొదలుపెడితే చాలు. ఆ ఇద్దరిని ఎంచుకునేటప్పుడు ఎంత బాగా ప్రార్థిస్తారో, ఎంత బాగా మాట్లాడతారో చూడకండి. చెప్పిన వేళకు వచ్చేవాళ్లను, తప్పు చూపిస్తే అలిగి వెళ్లిపోకుండా మరుసటి వారం మళ్లీ వచ్చి కూర్చునేవాళ్లను చూడండి.