పర్లాకిమిడిలో థంబ్‌నెయిల్ సేవ: బొమ్మకు మంచి మార్కులు, శీర్షికకు కావు

ఇంతకాలం ఫ్లెక్సీలు, శుభలేఖలు ముద్రిస్తూ వచ్చిన ఒడిశాలోని పర్లాకిమిడి డీటీపీ సెంటరు ఒకటి ఇప్పుడు యూట్యూబ్ వీడియోలకు థంబ్‌నెయిల్ (వీడియో తెరవకముందు కనిపించే బొమ్మ), శీర్షిక కలిపి 200 రూపాయలకు తయారుచేసి ఇస్తోంది. మహేంద్రగిరి గుడుల మీద, గేదె కొమ్ముతో మలిచే మా ఊరి బొమ్మల మీద తీసిన వీడియోలకు ఈ సేవను వాడుకున్నాను. థంబ్‌నెయిల్ బొమ్మ కూర్చడంలో వారి పనితనం మెచ్చదగినది; శీర్షిక దగ్గరకు వచ్చేసరికి ఆ మాట అనలేను.

కొమ్ము బొమ్మల వీడియోకు నేను దుకాణమంతా కనిపించే ఫోటో ఇస్తే, డిజైనరు దాన్ని పక్కన పెట్టి, కళాకారుడు కొంగ మెడను ఆకురాయితో నునుపు చేస్తున్న దృశ్యాన్ని వీడియోలోంచి తీసుకుని, చేతులూ కొమ్మూ మాత్రమే మిగిలేలా కత్తిరించారు. 1280×720 పిక్సెళ్లలో ఎంత నిండుగా ఉన్నా, ఫోనులో పక్క వీడియోల వరుసకు చేరేసరికి అది అగ్గిపెట్టెంతే కనుక, ఆ సైజుకు కుదించి చూశాకే రంగులు ఖాయం చేశారు. వీడియో నిడివి అంకెలు వచ్చిపడే కుడివైపు కింది మూలలో ఏమీ రాయలేదు. అక్షరాలు రెండు మాటలకు మించకూడదని పట్టుబట్టడం కూడా సబబే. శీర్షికకైతే యూట్యూబ్ స్టూడియోలో (ఛానల్ నడిపేవారు వాడే పేజీ) ఒడియా అనువాదం చేర్చుకోవచ్చు గానీ, బొమ్మలో కలిసిపోయిన తెలుగు అక్షరాలు గుణుపురం ఒడియా ప్రేక్షకుడికి ఎందుకూ కొరగావు.

ఇంత వివేకం చూపినవారే ఆ వీడియోకు "షాకింగ్! ఎవరూ చూడని రహస్యం!!" అని శీర్షిక పెట్టారు. తరతరాలుగా సాగుతున్న పనిలో రహస్యమేముంది? ఆశపడి వచ్చినవారు అర నిమిషంలో వెళ్లిపోతే ఆ క్లిక్కు వల్ల ఒరిగేదేమీ లేదు. పైగా వీడియోలో లేనిదాన్ని శీర్షికలో చూపించేవారిపై, ముఖ్యంగా వార్తల వీడియోలపై, భారతదేశంలో చర్యలు కఠినం చేస్తామని యూట్యూబ్ 2024 డిసెంబరులో ప్రకటించింది కూడా. నేను దాన్ని "పర్లాకిమిడి కొమ్ము బొమ్మలు: గేదె కొమ్ము కొంగగా మారేదెలా?" అని మార్చుకున్నాను. అదీ కొత్తగా టైపు చేసుకోవలసి వచ్చింది. వారు వాడేది ముద్రణకు పనికొచ్చే అను ఫాంట్లు, ఫోన్లూ వెబ్‌సైట్లూ చదివే యూనికోడ్ కాదు కనుక, యూట్యూబ్‌లో అతికిస్తే పిచ్చి గీతలే వస్తాయి. శీర్షికకు 100 అక్షరాల హద్దు ఉన్నదనీ, గుణింతాలూ వత్తులూ అందులో విడిగా లెక్కకు వస్తాయనీ వారికి పట్టినట్లు లేదు.

"20 శాతం క్లిక్కులు గ్యారంటీ" అన్న బోర్డును నమ్మవద్దు. సగం ఛానళ్లకు, వీడియోలకు ఈ రేటు (బొమ్మ కనిపించిన ప్రతి వందసార్లకు పడే క్లిక్కులు) 2 నుంచి 10 శాతం మధ్యనే ఉంటుందని యూట్యూబే చెబుతుంది. ఆ గ్యారంటీకి బదులు అదనంగా 100 రూపాయలిచ్చి మరో రెండు బొమ్మలు చేయించుకోవడం మేలు. స్టూడియోలోని పోలిక పరీక్షలో (ఒకే వీడియోకు వేర్వేరు బొమ్మలను ప్రేక్షకులకు చూపి పోల్చేది) మూడు వరకు పెట్టవచ్చు, అక్కడ గెలుపు క్లిక్కులను బట్టి కాక చూసిన సమయాన్ని బట్టి తేలుతుంది.

మాఘమాసపు పెళ్లిళ్లలో ఇక్కడ ఫ్లెక్సీలకే మొదటి వరుస. శివరాత్రికి మహేంద్రగిరి వీడియో పెట్టదలచినవారు సంక్రాంతి వెళ్లగానే పని అప్పగించి, బొమ్మ మాత్రమే చాలని చెప్పి ధర తగ్గించమని అడగండి. నాకు 150కి ఒప్పుకున్నారు.