ఫ్లాండర్స్‌లో డచ్: యాప్ మేలా, సాయంత్రం క్లాసు మేలా, బేకరీ మేలా?

ఫ్లాండర్స్ అంటే బెల్జియంలో డచ్ మాట్లాడే ఉత్తర ప్రాంతం. అక్కడి లూవెన్ నగరానికి, చిప్‌ల పరిశోధనా సంస్థ ఐమెక్‌లో ఉద్యోగానికో, యూనివర్సిటీలో చదువుకో వచ్చిన మనవాళ్లు మొదట అనేమాట, "ఇంగ్లీషుతో గడిచిపోతుంది కదా!" అని. ఆఫీసులో గడుస్తుంది. పిల్లల స్కూలు నుంచి వచ్చే కాగితం, మునిసిపాలిటీ ఉత్తరం మాత్రం డచ్‌లోనే ఉంటాయి. (బెల్జియం దక్షిణ భాగమైన వలోనియాలో ఉంటే ఫ్రెంచ్ నేర్చుకోవాలి, అది వేరే కథ.)

యాప్ మొదటి నెలకు బాగుంటుంది. రైల్లో పావుగంట కూర్చుని అంకెలు, పలకరింపులు నేర్చుకోవచ్చు. చిక్కేమిటంటే, అది ఎక్కువగా నెదర్లాండ్స్ డచ్ నేర్పుతుంది. అక్కడ 'తాస్' అంటే సంచి, ఇక్కడ కాఫీ కప్పు. వాళ్లు మైక్రోవేవ్‌ను 'మాగ్నెట్రోన్' అంటే, వీళ్లు 'మిక్రోఖోల్ఫ్' అంటారు. ఏదైనా తినాలనో, చేయాలనో మనసు పుడితే ఇక్కడివాళ్లు 'ఖూస్టింగ్' ఉందంటారు. నాకు ఎంతో ఇష్టమైన ఆ మాట యాప్‌లో ఎక్కడా తగల్లేదు.

క్లాసు అంటే పెద్దల విద్యాకేంద్రంలో వారానికి రెండు సాయంత్రాలు. ఆఫీసు అయ్యాక వెళ్లడం కష్టమే. కానీ పక్క బెంచీలో సిరియా ఆయన, ఉక్రెయిన్ ఆవిడ ఉంటారు. ముగ్గురికీ తెలిసిన భాష ఇంకోటి లేదు కాబట్టి డచ్‌లో మాట్లాడక తప్పదు. నాకు వాక్యం లోపలి కట్టు తెలిసింది అక్కడే. 'ఓమ్‌దాట్' అంటే 'ఎందుకంటే'. దాని తర్వాత క్రియ వాక్యం చివరికి పోతుంది, అచ్చం మన తెలుగులోలాగే. ఇంగ్లీషు అలవాటు పక్కనపెట్టి తెలుగులో ఆలోచిస్తే చాలు, నోరు తిరుగుతుంది.

టైము సంగతీ అక్కడే కుదిరింది. ఒక సహోద్యోగి 'హాల్ఫ్ ఆఖ్త్'కి భోజనానికి రమ్మంది. ఆఖ్త్ అంటే ఎనిమిది, సగం కలిపి ఎనిమిదిన్నర అనుకుని చాక్లెట్ పెట్టెతో గంట ఆలస్యంగా వెళ్లాను. వాళ్ల లెక్కలో అది ఏడున్నర, అంటే ఎనిమిదికి ఇంకా అరగంట ఉందన్నమాట. చల్లారిపోయిన సూపు ఆవిడ మళ్లీ వేడి చేసింది. ఆ వారమే టీచర్ బోర్డు మీద గడియారం గీయించింది.

ఇక బేకరీ. శనివారం ఉదయం వరసలో నిలబడితే కౌంటర్ వెనక ఆవిడ 'ఖెస్నేడెన్?' అంటుంది. కోయాలా అని. ఊ అంటే రొట్టెను మిషన్‌లో పెట్టి ముక్కలు కోసి, సంచిలో వేసి, 'అల్స్తుబ్లీఫ్త్' అంటూ చేతికిస్తుంది. అడిగేటప్పుడు 'దయచేసి' అనడానికీ, ఇచ్చేటప్పుడు 'ఇదిగోండి' అనడానికీ ఒకే మాట. ఇది పుస్తకంలో చదివితే గుర్తుండదు, చేతికి రొట్టె అందితే మరచిపోలేం. మనం తడబడగానే ఫ్లాండర్స్ వాళ్లు మర్యాదగా ఇంగ్లీషులోకి మారిపోతారు. అప్పుడు 'ఇక్ లేర్ నేడర్లాండ్స్', డచ్ నేర్చుకుంటున్నాను అనండి. చాలామంది ఆగి, నెమ్మదిగా మళ్లీ డచ్‌లోనే చెబుతారు.

ఒక్కటే ఎంచుకోమంటే నా ఓటు క్లాసుకే. యాప్ విమానం ఎక్కేముందు మొదలుపెట్టండి. బేకరీకి మాత్రం మొదటి శనివారమే వెళ్లండి, ఆవిడ అడగకముందే 'ఖెస్నేడెన్, అల్స్తుబ్లీఫ్త్' అనండి.