పన్నెండేళ్లుగా చదువుతున్న గాలం జ్ఞాపకాలు

మంచినీటి చేపల వేట మీద రాసుకున్న ఆత్మకథలను పన్నెండేళ్లుగా చదువుతున్నాను. వలలూ, సముద్రం మీద పెద్ద పడవలూ ఉండవు వాటిలో. ఒక మనిషి, ఒక గాలపు కర్ర, ఒక గట్టు, అంతే. నా దగ్గర ఇప్పుడు ముప్ఫైకి పైగా ఉన్నాయి. చాలావాటిని ఒక్కసారి చదివి పక్కన పెట్టాను. నాలుగైదు మాత్రం కుట్లు ఊడిపోయేదాకా చదివాను.

మొదటిది నాన్న ఆస్పత్రిలో ఉన్నప్పుడు చేతికొచ్చింది. రాత్రుళ్లు నిద్ర పట్టేది కాదు, కథ వెంట పరుగెత్తే ఓపికా ఉండేది కాదు. అందులో రచయిత నాలుగు పేజీల పాటు గాలం దారానికి కట్టి నీళ్ల మీద తేలే బెండునే చూస్తూ కూర్చుంటాడు. బెండు ఒకసారి వణుకుతుంది. చుట్టూ చిన్న వలయం లేచి సద్దుమణుగుతుంది. మళ్లీ చాలాసేపు ఏమీ ఉండదు. ఆ తర్వాత బెండు మునగదు, పక్కకి వాలి మెల్లగా జరుగుతుంది. అక్కడ నాకు తెలియకుండానే ఊపిరి బిగబట్టాను. మూడు వారాల టెన్షన్‌లో నా మనసు వేరే చోటికి వెళ్లింది అప్పుడే.

సముద్రపు వేట పుస్తకాలూ చూశాను కానీ నన్ను పట్టి ఉంచలేదు. సముద్రంలో చేప ఎక్కడి నుంచో వచ్చి ఎక్కడికో పోతుంది. మడుగులో అలా కాదు. రచయితకు పదేళ్లప్పుడు తప్పించుకున్న చేప పన్నెండేళ్లప్పుడు కూడా ఆ నీళ్లలోనే ఉండొచ్చు. పిల్లాడు పెరుగుతుంటాడు, కింద చేపా పెరుగుతుంటుంది. ఆత్మకథకు ఇంతకన్నా మంచి చోటు ఏముంటుంది?

ఇంగ్లండ్‌లో రెడ్‌మైర్ అనే చిన్న మడుగు ఉంది. 1952 సెప్టెంబరు 13న రిచర్డ్ వాకర్ అనే గాలం వేటగాడు అక్కడ చీకట్లో 44 పౌండ్ల కార్ప్ చేపను పట్టాడు, అంటే దాదాపు 20 కిలోలు. ఆ చేపను లండన్ జూకి పంపారు, అది 1971 దాకా బతికింది. 1980లో క్రిస్ యేట్స్ అనే మరో వేటగాడు అదే మడుగులో 51 పౌండ్లు దాటినది పట్టాడు. ఒక్క మడుగు చుట్టూ ఇన్నేళ్ల ఎదురుచూపు! ఈ విషయాలు తెలిశాక, నీళ్లు తప్ప ఏమీ కనపడని పేజీలు కూడా నాకు నిండుగా అనిపించడం మొదలైంది.

ఆ దేశపు పాత పుస్తకాల్లో నాకు బాగా ఇష్టమైనది జూన్ 15 రాత్రి. మార్చి 15 నుంచి ఆ రోజు దాకా అక్కడ వేట నిషేధం ఉండేది. (నదుల్లో ఇప్పటికీ ఉంది.) మూడు నెలలు ఆగిన మనిషి అర్ధరాత్రి పన్నెండు కొట్టేదాకా గట్టున కూర్చుంటాడు. ఎర సిద్ధంగా ఉంటుంది, గాలం మాత్రం నీళ్లలో పడదు.

లోపాలూ ఉన్నాయి. చాలా పుస్తకాలు సగం దాటాక బరువుల చిట్టాగా మారిపోతాయి. ఎన్ని కిలోలు, ఏ రీలు, ఏ దారం, చేపను గుండెకు హత్తుకున్న ఫొటో. రచయితకు పేరొచ్చిన తర్వాతి అధ్యాయాలు దాదాపు ఎప్పుడూ పలచనే. బాల్యం రాసినంత శ్రద్ధగా నడివయసును రాసినవాళ్లు తక్కువ. ఇంట్లోవాళ్ల గురించైతే రెండు ముక్కలే రాస్తారు. గట్టున గడిపిన ఆదివారాలన్నీ వాళ్ల నుంచి తీసుకున్నవే కదా, నాకది కష్టంగా ఉంటుంది.

నేను మళ్లీ మళ్లీ తెరిచేది మాత్రం చేప తప్పిపోయిన అధ్యాయాలనే. పట్టుకున్న చేప గురించి రాసేటప్పుడు రచయిత గొంతు పెరుగుతుంది. పోయినదాని గురించి రాసేటప్పుడు ప్రతి చిన్నదీ గుర్తుంటుంది: ఏ వేరుకు దారం చుట్టుకుంది, తెగాక కర్ర ఎంత తేలికైంది, పక్కనున్న తాతయ్య ఏమీ అనకుండా కొత్త ముల్లు ఎలా కట్టిచ్చాడు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు విషయసూచిక చూడండి. అధ్యాయాల పేర్లలో బరువులు కనిపిస్తే వదిలేయండి, చెరువుల పేర్లుంటే తీసుకోండి.