నేలవేము సారానికి ఎంటీటీ పరీక్ష: ల్యాబుకి ఐదుకి మూడు మార్కులు

నేలవేము ఆకు నీడన ఎండబెట్టి, మిథనాల్‌తో తీసిన సారాన్ని హైదరాబాద్‌లో ఓ ప్రైవేటు ల్యాబుకి ఇచ్చాను, ఎంసీఎఫ్-7 అనే రొమ్ము క్యాన్సర్ కణాల మీద ఎంటీటీ పరీక్షకి. బతికున్న కణాలు ఎంటీటీ అనే పసుపు పదార్థాన్ని ఊదారంగుకి తిప్పుతాయి; ఆ రంగు రీడింగ్ ఎంత ఎక్కువైతే అన్ని కణాలు బతికున్నట్టు. 12 రోజులన్నారు, 20 పట్టింది. పీహెచ్‌డీ వాళ్లకి ఆలస్యం కొత్తా!

రిపోర్టు ముచ్చటగానే ఉంది. డాక్సోరుబిసిన్ అనే క్యాన్సర్ మందుతో పోలిక ఉంది, సారాన్ని కరిగించే ద్రవం డీఎంఎస్‌ఓని మాత్రమే కణాలకిచ్చి చూసిన కంట్రోలూ ఉంది. మరి కణాల్లేకుండా సారం ఒక్కటే పోసిన బావులు (ప్లేటులోని చిన్న గుంటలు) ఏవి? ఆకుపచ్చ సారం తన రంగుతోనే రీడింగ్ పెంచేయగలదు. కణాల సాయం లేకుండానే ఎంటీటీని ఊదారంగుకి తిప్పే సారాలూ ఉన్నాయి. అప్పుడు చచ్చిన కణాలూ బతికున్నట్టే లెక్క! అడిగితే, "ఆ ప్యాకేజీలో రాదు మేడమ్" అన్నారు. మామూలు కణాల మీద చూడాలన్నా అదనపు డబ్బే.

అయినా మళ్లీ పంపుతా, ఫోన్ ఎత్తుతారు గనక. ఈసారి ప్లేటులో ఏ బావిలో ఏం పోయాలో నేనే గీసిస్తా.