కొత్త డీవీడీ ప్లేయర్‌లో మీ పెళ్లి డిస్క్ పెట్టే ముందు ఇది చదవండి

ఇంట్లో పాత పెళ్లి డీవీడీలు ఉండి, వాటి కోసమే ఇప్పుడు ప్లేయర్ కొనాలనుకుంటున్నవాళ్లు దయచేసి ఇది చివరిదాకా చదవండి. 3,200 రూపాయలు పెట్టి కొన్న ప్లేయర్ మా అక్క పెళ్లి డిస్క్‌ని గీరేసింది. డబ్బులు తర్వాత తిరిగొచ్చాయి. డిస్క్‌లో పోయింది మాత్రం తిరిగి రాలేదు.

అక్క పెళ్లి 2008లో తెనాలిలో జరిగింది. స్టూడియో వాళ్లు మూడు డీవీడీలు ఇచ్చారు. నాన్న పోయి ఆరేళ్లయింది. ఆయన నడుస్తూ, మాట్లాడుతూ కనిపించేది ఆ మూడు డిస్కుల్లోనే. పాత ప్లేయర్ ఎప్పుడో మూలపడింది. మొన్న సంక్రాంతికి అందరం కలిసినప్పుడు అమ్మ "ఒక్కసారి ఆ పెళ్లి క్యాసెట్ పెట్టరా, చూద్దాం" అంది. అమ్మకి ఇప్పటికీ అది క్యాసెట్టే.

పెద్ద షోరూముల్లో అడిగితే డీవీడీ ప్లేయర్లు ఇప్పుడు రావట్లేదన్నారు. తిరగ్గా తిరగ్గా ఒక చిన్న షాపులో దొరికింది. ఎప్పుడూ వినని కంపెనీ. డబ్బా మీద మాత్రం అన్నీ ఉన్నాయి: ఫుల్ హెచ్‌డీ 1080పీ, 5.1 ఛానల్, యూఎస్‌బీ, ఆల్ రీజియన్, ఆల్ ఫార్మాట్స్. షాపతను ఒక సినిమా డిస్క్ వేసి చూపించాడు. బొమ్మ చక్కగా వచ్చింది. "ఏ డిస్కైనా ఆడుద్ది సార్, డౌటే అక్కర్లేదు" అన్నాడు. ఆ డెమో చూసే డబ్బులిచ్చాను.

నేను మోసపోయింది అక్కడే. షాపులో చూపించిన సినిమా డిస్క్, మన పెళ్లి డిస్క్ చూడ్డానికి ఒకేలా ఉంటాయి కానీ లోపల వేరు. సినిమా డిస్క్‌ని ఫ్యాక్టరీలో అచ్చు గుద్దుతారు. అందులో గుర్తులు ప్లాస్టిక్‌లోనే గుంటల్లా పడి ఉంటాయి, ఏళ్లు గడిచినా చెక్కు చెదరవు. స్టూడియో వాళ్లు ఇచ్చేది కంప్యూటర్‌లో రైట్ చేసిన డీవీడీ. అందులో పల్చటి రంగు పొర ఒకటి ఉంటుంది, లేజర్ ఆ పొరని కాల్చి గుర్తులు పెడుతుంది. డిస్క్ తిరగేస్తే అడుగున లేత ఊదా రంగు కనిపించేది అందుకే. ఎండకీ వేడికీ ఆ రంగు వెలిసిపోతూ వస్తుంది. పదిహేనేళ్లు దాటిన అలాంటి డిస్క్‌ని చదవాలంటే ప్లేయర్‌లో లెన్స్ గట్టిదై ఉండాలి. నాసిరకం లెన్స్ కూడా కొత్త సినిమా డిస్క్‌ని హాయిగా చదివేస్తుంది, అందుకే షాపులో మనకి తేడా తెలియదు.

ఇంకో సంగతి. డీవీడీలో రికార్డింగ్ మధ్యలో మొదలై బయటి అంచు వైపు సాగుతుంది. అంటే డిస్క్ నిండా ఉన్న వీడియోలో చివరి ఘట్టం అంచు దగ్గర ఉంటుంది. మన వేళ్లు తగిలేది అక్కడే. డిస్క్ కొంచెం వంకర పోయినా ఎక్కువ ఊగేదీ అక్కడే. షాపులో మొదటి రెండు నిమిషాలు చూసి "ఓకే" అంటే ప్లేయర్‌ని పరీక్షించినట్టు కానే కాదు.

మా ఇంట్లో అదే జరిగింది. మొదటి డిస్క్ అక్కడక్కడా ఆగినా గట్టెక్కింది. రెండోది జీలకర్ర బెల్లం దాకా బాగానే వచ్చి, తర్వాత బొమ్మంతా గళ్లు గళ్లుగా విడిపోయింది. మూడో డిస్క్‌లో చివర అప్పగింతలు. నాన్న అక్క చెయ్యి బావగారి చేతిలో పెడుతూ ఏదో చెప్పబోతున్నారు. అక్కడ బొమ్మ ఆగిపోయింది. ప్లేయర్‌లోంచి గర్‌మని శబ్దం. రిమోట్ నొక్కినా ట్రే బయటికి రాలేదు. స్విచ్ ఆపి, మళ్లీ వేస్తే వచ్చింది. డిస్క్ తిరగేసి చూస్తే అంచుకి దగ్గరగా గాజులా గుండ్రటి గీత. వేలితో తడిమితే తెలిసేంత లోతు. అమ్మ ఏమీ అనలేదు, లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

గుండ్రంగా పడే గీత చాలా చెడ్డది. మధ్యలోంచి అంచు వైపు అడ్డంగా పడిన సన్నగీతని ప్లేయర్ చాలావరకు సర్దుకుంటుంది, ఎందుకంటే ఒక్కో చుట్టులో పోయేది కొంచెమే. గుండ్రటి గీత రికార్డింగ్ వెంబడే పోతుంది కాబట్టి ఒకేచోట బోలెడు సమాచారం పోతుంది. డిస్క్ తుడిచేటప్పుడు కూడా గుండ్రంగా రుద్దకండి. మెత్తటి నూలు బట్టతో మధ్యలోంచి అంచుకి తుడవండి.

మర్నాడు మా ఊళ్లో చాలా ఏళ్లుగా టీవీలు బాగుచేసే ఆయన దగ్గరికి పట్టుకెళ్లాను. మూత విప్పకుండానే, తన దగ్గరున్న పనికిరాని డిస్క్ ఒకటి పెట్టి చెవి ఆనించి విన్నారు. "డిస్క్‌ని కింద మోటార్ మీద, పైన అయస్కాంతం బిళ్ల నొక్కి పట్టాలి. ఇందులో ఆ పట్టు లూజుగా ఉంది, డిస్క్ ఊగి లోపల రాసుకుంటోంది" అన్నారు. కొత్త ప్లేయర్‌లో అసలు డిస్క్ ఎప్పుడూ ముందు పెట్టకూడదని కూడా అన్నారు. ఆ మాట ఒక్కరోజు ముందు వినుంటే బాగుండేది.

డబ్బా మీద రాతల గురించి కూడా చెప్పాలి. 1080పీ అంటే డిస్క్‌లో లేని స్పష్టత వచ్చేస్తుందని నేను అనుకున్నాను. మన దేశంలో వాడే పాల్ (PAL) పద్ధతి డీవీడీలో బొమ్మ 720 బై 576 చుక్కలే. ఫుల్ హెచ్‌డీ అంటే 1920 బై 1080. లెక్క కడితే సరిగ్గా అయిదు రెట్లు. అంటే తెరమీద కనిపించే ప్రతి అయిదు చుక్కల్లో నాలుగు ప్లేయర్ తనంతట తాను ఊహించి పూరించినవి. మంచి ప్లేయర్ ఆ పని నీటుగా చేస్తుంది, ఇది మొహాల్ని మైనం పూసినట్టు చేసింది. పైగా పాత వీడియోలు చదరపు టీవీల కొలతలో తీసినవి. ఇది వాటిని వెడల్పు టీవీ నిండా సాగదీసింది. సన్నగా ఉండే నాన్న లావుగా, పొట్టిగా కనిపించారు. ప్లేయర్ సెట్టింగ్స్‌లో పాత టీవీ కొలత 4:3 అని పెట్టినా మారలేదు, టీవీ రిమోట్‌తో మార్చుకోవాల్సి వచ్చింది.

పెన్‌డ్రైవ్‌లో ఏదైనా ఆడుతుందన్నట్టు డబ్బా మీద ఉంది కదా, ఫోన్‌లో తీసిన వీడియో ఒక్కటీ ఆడలేదు. పాత రకం ఫైళ్లు మాత్రమే తీసుకుంటుంది. ఆల్ రీజియన్, అంటే ఏ దేశం డిస్కైనా ఆడుతుందన్నది కూడా ఉత్తిదే. అక్క అమెరికాలో ఉంటుంది, పిల్లల కోసం అక్కడ కొన్న డిస్క్ తెచ్చింది. అమెరికా డిస్కులు రీజియన్ 1, మన దేశం రీజియన్ 5. పెట్టగానే రీజియన్ తప్పని చూపించి ఆగిపోయింది. ఇంట్లో రైట్ చేసిన డిస్కులకి ఆ గొడవ ఉండదు.

షాపుకి వెళితే లెన్స్‌కి వారంటీ లేదన్నాడు. వారంటీ కార్డు వెనక చిన్న అక్షరాల్లో నిజంగానే అలా ఉంది. డబ్బా మీదున్న కస్టమర్ కేర్ నంబరు పనిచేయలేదు. నా దగ్గర బిల్లు ఉంది కాబట్టి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. కొన్నాళ్లకి షాపతనే పిలిచి డబ్బులిచ్చాడు. ఇవ్వకపోతే వినియోగదారుల కమిషన్‌కి వెళ్లేవాణ్ణి. 5 లక్షల లోపు కొన్నవాటికి అక్కడ ఫీజు లేదు, రెండేళ్ల లోపు వెళ్లాలి. బిల్లు అడక్కుండా మాత్రం కొనకండి.

మీకు నేను చెప్పేదొక్కటే. ప్లేయర్ కొనేటప్పుడు పోయినా ఫర్వాలేదనుకునే రైట్ చేసిన డీవీడీ ఒకటి తీసుకెళ్లండి. షాపులోనే పెట్టించి, చివరి పది నిమిషాలకి జరిపి చూడండి. బయటికి తీశాక అడుగు భాగం వెలుతురులో చూడండి. అసలు డిస్కుల్ని ముందు కంప్యూటర్‌లో కాపీ చేయించుకోండి. డిస్క్‌లో వీడియో_టీఎస్ (VIDEO_TS) అనే ఫోల్డర్ ఉంటుంది, దాన్ని మొత్తంగా రెండు చోట్ల దాచండి.

మా డిస్కుల్ని మా అక్క కొడుకు స్నేహితుడు కంప్యూటర్‌లో పెట్టి, రాత్రంతా కూర్చుని కాపీ తీశాడు. ఆ అబ్బాయికి ఎంత చెప్పినా తక్కువే. మూడో డిస్క్‌లో అప్పగింతల దగ్గర దాదాపు 40 సెకన్లు రాలేదు. నాన్న నోరు తెరుస్తారు, వెంటనే కారు కదులుతూ కనిపిస్తుంది. ఆ రోజు ఆయన బావగారితో ఏమన్నారో అమ్మకి గుర్తుంది. అది అమ్మ చేత చెప్పించి ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకున్నాను.