బొద్దు తెలుగు ఫాంట్ కొంటున్నారా? వైజాగ్ బోర్డు డిజైనర్లకు జాగ్రత్త

గుండ్రటి అంచులతో బాగా మందంగా ఉండే ఒక ‘ప్రీమియం’ తెలుగు ఫాంట్ మన డిజైనర్ల వాట్సాప్ గ్రూపుల్లో 1,499 రూపాయలకు తిరుగుతోంది. ప్రివ్యూ బొమ్మ చూస్తే ఎవరికైనా నచ్చుతుంది. కొనకండి.

ఆ బొమ్మలో ఉన్న మాటలు గమనించండి: విందు, జాతర, బిరియాని. ఒక్క వత్తు లేదు! గాజువాకలో ఒక స్వీట్ షాపు బోర్డుకి ‘పద్మావతి’ అని కొడితే ద కింద మ వత్తు రాలేదు, పొల్లు పెట్టి ‘పద్‌మావతి’ అని విడగొట్టింది. అంతకంటే ఘోరం ప. దాని తలకట్టు అంటకుండా విడిగా ఉండాలి, అంటితే వ అయిపోతుంది. లావు చేసే తొందరలో ఆ సందు పూడ్చేశారు. హైవే మీద బండిపై వెళ్లేవాడు దాన్ని ‘వద్మావతి’ అనే చదువుతాడు. ధ కింది గీత, థ పొట్టలో చుక్క కూడా అంతే, చిన్న సైజులో ముద్దయిపోతున్నాయి.

అమ్మినతన్ని అడిగితే “మీ ఫోటోషాప్ సెట్టింగ్ తప్పు సార్” అన్నాడు. దక్షిణాసియా లిపుల సెట్టింగ్ లేకపోతే మంచి ఫాంట్‌లోనూ వత్తులు విడిపోతాయి, నిజమే. అందుకే నోట్‌ప్యాడ్‌లో కొట్టి చూశాను. అక్కడా అదే. అంటే వత్తులు కలిపే రూల్సే ఫాంట్‌లో లేవు.

స్టిక్కర్ కటింగ్ వాళ్లకి ఇంకో తలనొప్పి. గుడి, దీర్ఘం అక్షరంతో కలిసే చోట గీతలు ఒకదాని మీద ఒకటి అలాగే ఉన్నాయి. ప్లాటర్ (స్టిక్కర్ కోసే మిషన్) అక్షరం మధ్యలోంచి కోసేస్తుంది. కోరల్‌డ్రా సాఫ్ట్‌వేర్‌లో ప్రతి అక్షరం గీతల్ని వెల్డ్ చేసుకోవాలి, అంటే ఒకటిగా కలుపుకోవాలి. పాడయ్యే వినైల్ షీటు ఎవరి సొమ్ము?

అసలు విషయం ఫైల్ ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ చూస్తే తెలిసింది. పేరు కొత్తది, కాపీరైట్ లైను మాత్రం వేరే ఫాంట్‌ది, ఎస్‌ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్స్ అని ఉంది. ఆ లైసెన్స్ ఉన్న ఫాంట్‌ని వ్యాపారానికి కూడా ఉచితంగా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఫాంట్‌ని ఒక్కదాన్నే అమ్మకూడదు, మార్చినదీ అదే లైసెన్స్ కింద ఇవ్వాలి. ఈ మహానుభావుడు మనకి ‘సింగిల్ యూజర్’, అంటే కొన్నవాడొక్కడే వాడాలి అని లైసెన్స్ పీడీఎఫ్ ఇస్తున్నాడు.

గుండ్రటి బొద్దు అక్షరాలే కావాలంటే గూగుల్ ఫాంట్స్‌లో బాలూ తమ్ముడు 2 ఉంది. 400 నుంచి 800 దాకా మందాలు, పైసా ఖర్చు లేదు. శీర్షికలకి రామభద్ర కూడా అక్కడే దొరుకుతుంది. ఎవరి దగ్గరైనా డబ్బిచ్చి కొనేటప్పుడు ‘స్త్రీ, లక్ష్మి, జ్యోత్స్న, పద్ధతి, విశాఖపట్నం’ టైప్ చేసి స్క్రీన్ రికార్డింగ్ పంపమనండి, స్క్రీన్‌షాట్ వద్దు.

డబ్బు వెనక్కి అడిగాక నా నంబర్ బ్లాక్ చేశాడు. యూపీఐలో కట్టినవాళ్లు ట్రాన్సాక్షన్ ఐడీ, చాట్ దాచుకుని సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. నేనూ ఫిర్యాదు పెట్టాను, ఇంకా ఏమీ తేలలేదు.