ఎండ్యూరెన్స్ రైడింగ్: అరబ్ గుర్రమా, వేరే జాతా? ఏది మేలు?

ఎండ్యూరెన్స్ పోటీకి, అంటే గుర్రం మీద చేసే దూరప్రయాణ పోటీకి, క్వార్టర్ హార్స్‌నో, హాఫ్‌లింగర్‌నో, కంచరగాడిదనో తీసుకొస్తే చుట్టుపక్కల వాళ్ల నోట తరచూ వచ్చే మాట ఒకటే: "ఇది రెండో వెట్ చెక్ దాటదు." వెట్ చెక్ అంటే దారి మధ్యలో గుర్రాన్ని ఆపి పశువైద్యుడు నాడి, నడక చూసే పరీక్ష. అరబ్‌ను తెస్తే ఆ అనుమానం ఎవరికీ రాదు. రెండు తీర్పులూ గుర్రం నాడి పట్టకుండా, కాళ్లు తడమకుండా ఇచ్చినవే. మొదటిది రౌతును నిరుత్సాహపరుస్తుంది. రెండోది అరబ్ కాళ్లకు చేటు తెస్తుంది.

ముందు ఏ పోటీకి అన్నది తేల్చుకోవాలి. వేడిలో 160 కిలోమీటర్లు పరిగెత్తి మొదటి పదిలో నిలవాలంటే అరబ్, లేదా అరబ్ రక్తం ఎక్కువగా ఉన్న గుర్రం మేలు. ఇందులో వాదన లేదు. కాలిఫోర్నియాలో 1955 నుంచి జరుగుతున్న టెవిస్ కప్‌లో 24 గంటల్లో 100 మైళ్లు కొండలెక్కి దిగాలి. అక్కడ ముందు వరుస ఎక్కువగా అరబ్‌లదే. కారణం శరీర నిర్మాణంలోనే ఉంది. నెమ్మదిగా అలసే కండర తంతువులు ఎక్కువ. ఒళ్లు సన్నం, చర్మం పలుచన, బరువుతో పోలిస్తే ఒంటి ఉపరితలం ఎక్కువ. అందుకే పుట్టిన వేడి త్వరగా బయటికి పోతుంది. క్వార్టర్ హార్స్ తొడల్లో ఉన్నది క్షణాల్లో దూసుకుపోయే కండ. గంటల తరబడి నడిస్తే ఆ కండే వేడిని లోపల పట్టి ఉంచుతుంది.

కానీ 80 కిలోమీటర్లు ఆరోగ్యంగా పూర్తి చేయడమే లక్ష్యమైతే లెక్క మారిపోతుంది. అమెరికా ఎండ్యూరెన్స్ సంఘం ఏఈఆర్‌సీ పోటీల్లో 80 కిలోమీటర్లకు విరామాలతో కలిపి 12 గంటల గడువు. గంటకు 10 కిలోమీటర్ల చొప్పున దారికి 8 గంటలు, రెండు విరామాలు 45 నిమిషాల చొప్పున గంటన్నర అనుకుందాం. నాడి నిర్ణీత సంఖ్యకు దిగిన తర్వాతే విరామం లెక్క మొదలవుతుంది కాబట్టి, అరబ్ మూడు నిమిషాల్లో దిగేచోట బరువైన గుర్రానికి పన్నెండు నిమిషాలు పట్టిందనుకోండి. రెండు విరామాలకూ కలిపి తేడా 18 నిమిషాలే. అప్పటికీ చేతిలో రెండు గంటలు మిగులుతాయి. గెలవాలనుకునేవాడికి ఆ 18 నిమిషాలు ప్రాణం. పూర్తి చేయాలనుకునేవాడికి అది పెద్ద లెక్క కాదు.

ఆ పన్నెండు నిమిషాలను తగ్గించడం కూడా రౌతు చేతిలోనే ఉంది. చెక్ పాయింట్‌కు అర కిలోమీటరు ముందే దిగి, పొట్ట కింది జీను పట్టీ ఒక రంధ్రం వదులు చేసి పక్కన నడిపించాలి. చేరగానే జీను తీసి మెడ మీద, రొమ్ము మీద, వెనక కాళ్ల మధ్య నీళ్లు పోయాలి. నీరు వేడెక్కగానే గీకి తీసేసి మళ్లీ పోయాలి. ఒకసారి పోసి ఊరుకోవడం చాలామంది చేసే పొరపాటు. అలవాటు లేనివాళ్లు పిరుదుల పెద్ద కండల మీద చల్లనీళ్లు గుమ్మరిస్తే కండ బిగుసుకుంటుందని భయపడతారు. ఒళ్లు కాలిపోతున్న గుర్రానికి అసలు ప్రమాదం వేడిదే. ఆగకుండా నీళ్లు పోస్తూనే ఉండాలి.

ఇక అరబ్ సంగతి. గుండె, ఊపిరితిత్తులు రెండు మూడు నెలల సాధనకే గట్టిపడతాయి. కండకు ఇంకొంత కాలం కావాలి. స్నాయువులకు ఏడాది దాకా, ఎముకకు అంతకన్నా ఎక్కువ పట్టవచ్చు. అరబ్ నాడి ఎప్పుడూ చక్కగా దిగుతుంటుంది కాబట్టి రౌతు అన్నీ సిద్ధమనుకుంటాడు, దూరం పెంచేస్తాడు. కొన్ని నెలలకు కాలి కింది భాగాన్ని మోసే సస్పెన్సరీ లిగమెంట్ వాస్తుంది. బరువైన గుర్రానికి ముందు గుండే అలసి, ఆగమని చెబుతుంది. అరబ్‌కు ముందు కాలు దెబ్బతింటుంది, అదీ చెప్పకుండా. జాతి మీద నమ్మకంతో సాధన తగ్గించేవాళ్లు ఎక్కువగా చెడేది ఇక్కడే. రౌతు కొద్దీ గుర్రం అన్న మాట ఇలాంటి చోట అక్షరాలా నిజం.

కండరాల జబ్బుల్లోనూ ఏ జాతీ శుద్ధం కాదు. క్వార్టర్ హార్స్‌లకు, బరువులు లాగే జాతులకు పీఎస్‌ఎస్‌ఎమ్-1 అనే వారసత్వ లోపం ఉండవచ్చు. కుదుళ్లతో సహా పీకిన జూలు వెంట్రుకలతో జన్యు పరీక్ష చేయించవచ్చు. లోపం ఉంటే ధాన్యం, బెల్లపు దాణా తగ్గించి, శక్తిని నూనె రూపంలో ఇస్తారు, రోజూ కదిలిస్తారు. అరబ్‌లలో మయోఫైబ్రిల్లర్ మయోపతి అనే కండర జబ్బు ఉంది. మంచి ఫామ్‌లో ఉన్న గుర్రం ఉన్నట్టుండి ముందుకు పోనంటుంది, అప్పుడప్పుడు కండ బిగుసుకుంటుంది. దాన్ని మొండితనం అనుకుని కొట్టేవాళ్లున్నారు. గుర్రం ఏ జాతిదైనా దారిలో తుంటి కండ గట్టిపడి, మూత్రం కాఫీ రంగులో వస్తే అక్కడే ఆపాలి. మెల్లగా నడిపించి చేరుకుందాం అనుకోకూడదు.

మిస్సౌరీ ఫాక్స్‌ట్రాటర్, పాసో ఫీనో లాంటి ప్రత్యేక నడక గుర్రాలకు ఉన్న ఇబ్బంది వేరు. వెట్ ముందు ట్రాట్ (మెల్లని పరుగు) చేయించే దగ్గర వాటి నడక తెలియని వైద్యుడికి అది కుంటు అనిపించవచ్చు. పోటీకి ముందు పరీక్షలోనే "దీని నడక ఇది" అని చెప్పి, అదే నడకలో పరిగెత్తించి చూపించాలి. చివర్లో కూడా అదే నడకలో చూపిస్తే పోల్చడానికి ఆధారం ఉంటుంది. అలసినప్పుడు నడక మారితే అదే తొలి హెచ్చరిక.

కంచరగాడిద విషయంలో అసలు సమస్య ఓర్పు కాదు, జీను. గుండ్రటి వీపు మీద దిగుడులో జీను ముందుకు జారి భుజాలను ఒరుసుకుంటుంది. తోక కింది పట్టీగానీ వెనక కాళ్ల మీదుగా కట్టే బ్రీచింగ్‌గానీ తప్పనిసరి. పైగా కంచరం నొప్పిని దాచుకుంటుంది. ముఖం చూసి లాభం లేదు, మేత, నీళ్లు, పేగుల చప్పుడు గమనించాలి.

కొనేటప్పుడు ఒక చిన్న పరీక్ష ఉంది. ఇరవై ముప్ఫై కిలోమీటర్లు నడిపిన తర్వాత నాడి నిమిషానికి 60కి వచ్చాక లెక్కించండి. వెంటనే 38 మీటర్లు ట్రాట్‌లో పోయి రమ్మనండి. బయలుదేరిన క్షణం నుంచి సరిగ్గా నిమిషానికి మళ్లీ లెక్కించండి. అంతే ఉన్నా, తగ్గినా మంచిదే. నాడి నాలుగో, అంతకన్నా ఎక్కువో పెరిగితే ఆ గుర్రం అలసిందనో, ఎక్కడో నొప్పి ఉందనో అర్థం. మర్నాడు కాళ్లు తడిమి వేడి, వాపు చూడండి, ట్రాట్ మళ్లీ చూడండి. ఇందులో నిలిచిన క్వార్టర్ హార్స్, ఇందులో తప్పిన అరబ్ ఒకే ధరకు దొరికితే 80 కిలోమీటర్లకు క్వార్టర్ హార్స్‌నే తీసుకోండి.